పిడుదుల మీదికి ఆఫ్రికా వెంపలి

వెంపలి చెట్లకు నిచ్చెనలు వేసుకునే మనుషులు పుడతారని బ్రహ్మంగారి పేరుతో చెప్పుకునే మాట తెలిసిందే. మోకాలెత్తు మొక్కకు నిచ్చెన ఏమిటని నవ్వుకుంటాం. ఆ వెంపలికి ఆఫ్రికాలో ఒక దాయాది ఉంది. దాని శాస్త్రీయ నామం టెఫ్రోసియా వోగెలి, మూడు నాలుగు మీటర్ల దాకా లేస్తుంది. జాంబియా, మలావీ, టాంజానియా, రువాండా, తూర్పు కాంగో పల్లెల్లో పశువుల పిడుదులకు దీని ఆకురసం ఒంటికి పట్టించడం పాత అలవాటు. ఇది బ్రహ్మాండమైన మందని చెప్పేవాళ్లున్నారు. ఉత్త ఆకుపసరు, ఒక్క పిడుదూ చావలేదని చెప్పేవాళ్లూ ఉన్నారు. ఇద్దరూ తాము చూసిందే చెబుతున్నారు. ఏ మొక్క ఆకు కోశారు, ఎలా ఎండబెట్టారు, ఎన్ని రోజులకోసారి పట్టించారు అన్నదాన్ని బట్టి ఫలితం తిరగబడుతుంది.

ముందు మొక్కను గుర్తుపట్టాలి. చిక్కుడు కుటుంబానికి చెందిన మెత్తని కర్ర పొద, ఆయుష్షు రెండు మూడేళ్లే. ఈనెకు అటూ ఇటూ జతలు జతలుగా చిన్నాకులుంటాయి. వాటి మీద పట్టులాంటి నూగు ఉండటంతో దూరం నుంచి పొద బూడిదరంగు పూసుకున్నట్టు కనిపిస్తుంది. పూలు బఠాణీ పువ్వు ఆకారంలో గుత్తులుగా వస్తాయి. కొన్ని మొక్కలకు తెల్లవి, కొన్నిటికి ఊదావి. మన వెంపలి పువ్వుతో పోలిస్తే చాలా పెద్దవి, రెండు సెంటీమీటర్లు దాటతాయి. కాయ కందికాయ కన్నా పొడుగు, దాని మీద దట్టంగా గోధుమరంగు నూగు. జర్మన్ వృక్షశాస్త్రజ్ఞుడు థియోడర్ వోగెల్ 1841 నైజర్ నదీ యాత్రకు వెళ్లి ఆ ఏడాదే ఫెర్నాండో పో దీవిలో చనిపోయాడు. మొక్కకు ఆయన పేరే పెట్టారు. స్థానికులకు ఆ పేరుతో పనిలేదు. స్వాహిలీలో ఉటుపా అంటారు, జాంబియాలో బెంబా మాట్లాడేవాళ్లు ఉబుబా అంటారు.

ఈ మొక్క మొదటి ఖ్యాతి పశువుల వల్ల రాలేదు, చేపల వల్ల వచ్చింది. ఆకు దంచి నిలవనీటి మడుగులో కలిపితే కాసేపటికి చేపలు మత్తెక్కి పైకి తేలతాయి. పిడుదును చంపేది కూడా ఆ విషమే. ఆకులో డెగ్యులిన్, టెఫ్రోసిన్, రోటెనోన్ లాంటి రోటెనాయిడ్లు ఉంటాయి. కణంలో ఊపిరి పనిచేసే చోటు మైటోకాండ్రియా. అక్కడ ఆక్సిజన్‌ను వాడుకునే గొలుసులో మొదటి మెట్టునే ఇవి కట్టేస్తాయి. గాలి ఉన్నా కణానికి శక్తి అందదు. చేపకు మొప్పల గుండా విషం నేరుగా నెత్తురులోకి పోతుంది కాబట్టి అతి కొద్ది మోతాదుకే పడిపోతుంది. ఆవు చర్మం గుండా లోపలికి వెళ్లేది తక్కువ, వెళ్లినదాన్ని కాలేయం చాలావరకు విరిచేస్తుంది. పశువు మీద వాడగలుగుతున్నది అందుకే. అలాగని అన్ని పశువులూ ఒకటి కాదు. పందులు రోటెనోన్‌కు బాగా సున్నితం, ఆకురసం వాటి దరిదాపులకు పోనివ్వకూడదు.

నాటువైద్యంలోనే కాదు, ఇంగ్లీషు వైద్యంలోనూ ఈ మందుకు చరిత్ర ఉంది. ఆగ్నేయాసియా డెర్రిస్ వేరులో ఉండేది కూడా రోటెనోనే. పశువుల వీపు తోలుకు కన్నాలు పెట్టే వార్బుల్ ఈగ పురుగును అణచడానికి బ్రిటన్‌లో 1936లో పశువులకు డెర్రిస్ మందు పట్టించాలని ఉత్తర్వే ఇచ్చారు.

ఇక అసలు చిక్కు. టెఫ్రోసియా వోగెలి అని నాటిన ప్రతి మొక్కలోనూ విషం ఉండదు. మలావీ రైతులు పెంచుతున్న మొక్కల ఆకుల్ని పరీక్షించి 2012లో ప్రచురించిన పరిశోధనలో ఈ జాతిలో రెండు రసాయన రకాలు బయటపడ్డాయి. ఒక రకంలో డెగ్యులిన్ వగైరా రోటెనాయిడ్లున్నాయి. రెండో రకంలో అవి లేవు, వాటి బదులు వేరే ఫ్లేవనాయిడ్లున్నాయి, పురుగుల మీద వాటి ప్రభావం శూన్యం. ఆ పరీక్ష పిడుదుల మీద కాదు, అలసందల్ని తొలిచే పుచ్చుపురుగు మీద చేశారు. కానీ ఆకులో మందే లేనప్పుడు పిడుదు మాత్రం ఎలా చస్తుంది? ఆకు చూసి తేడా పట్టలేం. ఒక ఊళ్లో బ్రహ్మాండంగా పనిచేసి పక్క ఊళ్లో దండగైపోవడానికి, నన్నడిగితే, అన్నిటికన్నా పెద్ద కారణం ఇదే. పైగా ఈ మొక్కను భూసారం కోసం కూడా విరివిగా పంచారు. ఆకు రాలి నేల బలపడటానికి విషం ఉన్నా లేకున్నా ఒకటే కాబట్టి, ఎరువుకని తెచ్చుకున్న విత్తనంలో ఏ రకం ఉందో ఎవరూ చూడలేదు.

ప్రయోగశాల లేకుండా పరీక్షించుకునే దారి ఉంది. ఒక ఆవు నుంచి ఇరవై ముప్పై పిడుదులు ఏరి, రెండు భాగాలు చేసి, రెండు సీసాల్లో వేయండి. ఒకదాంట్లో కింద చెప్పినట్టు సబ్బు కలిపి చేసిన ఆకురసం, రెండోదాంట్లో అంతే సబ్బు కలిపిన ఉత్త నీళ్లు పోసి, కొద్ది నిమిషాలు ముంచి, నీళ్లు వంచేసి, మూతికి పల్చటి గుడ్డ కట్టి నీడలో ఉంచండి. మర్నాడు ఒకసారి, మూడోనాడు ఒకసారి చూడండి. సబ్బునీళ్ల సీసా తప్పనిసరి. పిడుదు నీళ్లలో మునిగినంత మాత్రాన చావదు గానీ, ముంచి తీశాక కాసేపు చచ్చినట్టు పడి ఉంటుంది. రెండో సీసా లేకపోతే ఆ బిగుసుకుపోవడాన్నే మందు గొప్పతనం అనుకుంటాం. పుల్లతో తాకినా, నోటి ఊపిరి తగిలినా కాళ్లు కదిలిస్తే అది బతికే ఉంది. ఏ మొక్క ఆకుతో పిడుదులు చచ్చాయో ఆ మొక్కకు గుడ్డపీలిక కట్టి గుర్తు పెట్టుకోవాలి. తర్వాత ఆకైనా విత్తనమైనా దాని నుంచే.

కోత సంగతి. విత్తిన ఐదారు నెలలకు మొక్క ఆకు కోతకు తగినంత ఎదుగుతుంది. కొడవలితో మొదలంటా నరకొద్దు. మొదట్లో నరికితే మళ్లీ చిగురించే గుణం దీనికి లేదు. ఒక్కో కొమ్మ నుంచి కొన్ని రెమ్మలు విరుచుకుంటూ, సగం ఆకుకు పైగా పొద మీదే వదలాలి. ముదిరి పసుపుబారిన ఆకును ఏరి పక్కన పెట్టండి.

పచ్చి ఆకు వాడితే అదే రోజు దంచాలి. నిలవ చేసుకోవాలంటే నీడలోనే ఆరబెట్టాలి. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. రోటెనాయిడ్లను ఎండా గాలీ రెండూ విరిచేస్తాయి. రేకుల కప్పు మీద మిరపకాయల్లా పరిచి గలగలలాడేలా ఎండబెడితే ఆకు చూడటానికి బాగుంటుంది, మందు పోతుంది. ఇంట్లోనో పశువుల కొట్టంలోనో గాలి ఆడేచోట పల్చగా పరిచి రోజుకోసారి తిరగేస్తే వారంలో చేతితో నలిపితే పొడి అయ్యేంతగా ఆరుతుంది. కుప్పగా పోస్తే బూజు పడుతుంది. ఆరిన ఆకును ఆకుగానే వెలుతురు సోకని డబ్బాలో ఉంచి, కావలసినప్పుడు దంచుకోవడం మేలు. పొడి చేసి ఉంచితే గాలి తగిలే చోటు పెరిగి సత్తువ తొందరగా తగ్గుతుంది. ఒక వానాకాలం ఆకు మరుసటి వానాకాలానికి దాచుకోవాలనే ఆశ వద్దు.

తయారీలో పనికొచ్చే లెక్క ఇది: 10 లీటర్ల నీళ్లకు 2 కిలోల పచ్చి ఆకు, లేదా అర కిలో ఎండాకు పొడి. పచ్చి ఆకులో మూడొంతులు నీరే కాబట్టి రెండూ దాదాపు ఒకటే. దానికి 10 గ్రాముల సబ్బు. ఈ సబ్బు ఏదో నురగ కోసం అనుకుని చాలామంది మానేస్తారు. రోటెనాయిడ్లు నీళ్లలో సరిగా కరగవు. ఉత్త నీళ్లలో నానబెడితే పచ్చరంగు దిగుతుంది, మందు చాలామటుకు పిప్పిలోనే ఉండిపోతుంది. సబ్బు దాన్ని నీళ్లలోకి లాగుతుంది, పైగా పిడుదు ఒంటి మీది మైనపు పొర మీద రసం జారకుండా అంటుకునేలా చేస్తుంది. బట్టల సోడా మాత్రం వేయొద్దు. క్షారం ఎక్కువైతే రోటెనోన్ త్వరగా చెడుతుంది.

ఆకును రోట్లో మెత్తగా దంచి, సబ్బు తురిమి కలిపిన సగం నీళ్లలో వేసి, బాగా కలిపి, మూతపెట్టి నీడలో రాత్రంతా నానబెట్టాలి. పొద్దున గుడ్డలో వేసి గట్టిగా పిండి, మిగతా నీళ్లు పిప్పి మీద పోసి మరోసారి పిండి, రెండూ కలపాలి. ఉడకబెట్టడం అనవసరం, అందులో లాభం కన్నా నష్టమే ఎక్కువ. పిచికారీ పంపు వాడేటట్టయితే రెండోసారి మరింత సన్నని గుడ్డలో వడకట్టండి. ఆకు మీది నూగు నాజిల్‌ను పూడ్చేస్తుంది. రసాన్ని ఆ రోజే వాడేయాలి. మర్నాటికి పులిసిన వాసన వస్తుంది, నాణ్యతా పోతుంది.

దంచేటప్పుడు ముక్కుకు గుడ్డ, చేతులకు తొడుగు ఉండాలి. ఎండాకు దంచేటప్పుడు మరీ జాగ్రత్త, ఆ దుమ్ము నోట్లోకి, ఊపిరిలోకి పోతే నోరు మొద్దుబారడం, వాంతులు. చెట్టు మందు కాబట్టి హాని లేదనే ధోరణిని నేను ఒప్పుకోను. 2000లో ఎలుకలకు రోటెనోన్‌ను రక్తంలోకి నిదానంగా ఎక్కిస్తూ పోతే పార్కిన్సన్స్ (వణుకుడు జబ్బు) లాంటి లక్షణాలు వచ్చాయి. అమెరికాలో పురుగుమందులు చల్లేవాళ్ల మీద చేసి 2011లో ప్రచురించిన అధ్యయనంలో రోటెనోన్ వాడినవాళ్లకు ఆ జబ్బు దాదాపు రెండున్నర రెట్లు ఎక్కువగా కనిపించింది. పశువుల మీద, ఇళ్లలో, తోటల్లో రోటెనోన్ వాడకాన్ని అమెరికాలో కంపెనీలు 2006లో స్వచ్ఛందంగా వదులుకున్నాయి. చేపల్ని నిర్మూలించే పనికి మాత్రం అది మిగిలింది. పల్లెలో ఈ ఆకు దంచే పని చాలాసార్లు ఆడవాళ్లది, పిల్లలది. పిల్లల్ని ఆ పనికి పెట్టకూడదు.

పట్టించేముందు పశువులకు కడుపునిండా నీళ్లు పెట్టండి. దప్పికతో ఉన్న ఆవు ఒళ్లు నాకుతుంది, బకెట్లో మూతి పెడుతుంది. ఎండ చల్లబడ్డాక, చీకటి పడకముందు మంచి వేళ. మిట్టమధ్యాహ్నం పట్టిస్తే మందు వెలుతురుకు విరుగుతుంది. తెల్లవారుజామున పట్టిస్తే రువాండా, తూర్పు కాంగో కొండప్రాంతాల చలికి దూడలు వణుకుతాయి. పంపుతో అయితే పెద్ద పశువుకు 5 లీటర్లకు తక్కువైతే తోలు దాకా తడవదు, పైవెంట్రుకలే తడుస్తాయి. పంపు లేనివాళ్లు గుడ్డతో రుద్దుతారు. దానికి రెండు మూడు లీటర్లు చాలు, పైగా కావలసిన చోట కచ్చితంగా పడుతుంది. నాలుగైదు పశువులే ఉన్నవాళ్లకు గుడ్డే మేలని నా అభిప్రాయం.

కావలసిన చోట్లు ఏవంటే పిడుదు రకాన్ని బట్టి మారతాయి. తూర్పు ఆఫ్రికాలో అన్నిటికన్నా భయపడే గోధుమరంగు చెవి పిడుదు పెద్దదయ్యాక చెవి లోపలి మడతల్లో చేరుతుంది. వీపు మీద ఎంత పోసినా దానికి తగలదు. గుడ్డను పిండి, వేలికి చుట్టి, చెవి లోపలి వైపు తుడవాలి, రసం చెవి రంధ్రంలోకి కారనివ్వకూడదు. చారల కాళ్ల ఆంబ్లియోమా పిడుదులు పొదుగు, తొడల సందు, గంగడోలు, గిట్టల మధ్య ఉంటాయి. నీలి పిడుదులు పక్కటెముకల వెంబడీ, మెడ మీదా. తోక మొదలు, తోక కింద ఎప్పుడూ మరిచిపోతాం, అక్కడ గుంపులు గుంపులుగా ఉంటాయి. పాలిచ్చే ఆవుకు పితికిన తర్వాతే పట్టించి, చనుమొనల్ని వదిలేయాలి. మళ్లీ పితికేముందు, దూడను వదిలేముందు పొదుగు శుభ్రంగా కడగాలి. కళ్లకు, పచ్చిపుండ్లకు తగలనివ్వొద్దు. నెలలోపు దూడలకు చేత్తో ఏరడమే మంచిది.

పట్టించిన గంటకు చూసి ఒక్కటీ రాలలేదని తిట్టుకోవద్దు. ఈ విషం నిదానం. పిడుదు ముందు రక్తం పీల్చడం మానుతుంది, తర్వాత ముడుచుకుంటుంది, ఒకటి రెండు రోజుల్లో ఎండి రాలుతుంది. అప్పటికీ ఊడని ఆంబ్లియోమాను పీకితే పొడవాటి నోటిభాగం తోలులోనే విరిగి చీము పడుతుంది, ఈగలు వాలి పుండవుతుంది. చిన్నవి తేలిగ్గా చస్తాయి. రక్తం తాగి శనగగింజంత ఉబ్బిన ఆడపిడుదు మొండిది, అది రాలి పడితే వేలకొద్దీ గుడ్లు పెడుతుంది కాబట్టి అలాంటివాటిని ఏరి నిప్పులో వేయాలి.

ఎన్ని రోజులకోసారి? ఇక్కడ లెక్క పిడుదు జీవితాన్ని బట్టి ఉంటుంది. నీలి పిడుదు పిల్లగా ఎక్కి, ఒకే పశువు మీద పెరిగి, దాదాపు మూడు వారాలకు దిగుతుంది. దానికి వారానికోసారి పట్టిస్తే ఏదో ఒక దశలో దొరుకుతుంది. చెవి పిడుదు అలా కాదు. పిల్ల దశ ఒక పశువు మీద, నడిమి దశ మరో పశువు మీద, పెద్దది మూడోదాని మీద. ఎక్కిన ప్రతిసారీ కొద్ది రోజులే ఉండి దిగిపోతుంది. అది మోసుకొచ్చేది తూర్పు తీర జ్వరం, దానికి కారణం థైలీరియా పార్వా అనే పరాన్నజీవి. పిడుదు కరవగానే ఆ జబ్బు అంటదు. పిడుదు లాలాజల గ్రంథిలో పరాన్నజీవి పక్వానికి రావడానికి అది రక్తం పీల్చడం మొదలుపెట్టాక మూడు నాలుగు రోజులు పడుతుంది. దాన్ని ఆ లోపు చంపితే జబ్బు ఆగుతుంది. 1901, 1902 ప్రాంతాల్లో తూర్పు ఆఫ్రికా నుంచి తెచ్చిన పశువులతో దక్షిణ ఆఫ్రికా ప్రాంతంలో ఈ జ్వరం పడి మందలు తుడిచిపెట్టుకుపోయాయి, తర్వాతి ఏళ్లలో పిడుదులు దిగిపోయేలోపే చావాలని ఆర్సెనిక్ తొట్లలో పశువుల్ని మూడేసి రోజులకు ముంచేవారు. ఆకురసం ఒంటి మీద ఆర్సెనిక్ కన్నా తొందరగా విరుగుతుంది. కాబట్టి జ్వరం ఉన్న ప్రాంతంలో, వానలు పడి పిడుదులు ఎగబడే నెలల్లో, వారానికి రెండుసార్లు చెవులూ తోక కిందా తుడవాలి, వారానికోసారి ఒళ్లంతా. పట్టించిన కాసేపటికే వాన పడితే ఆ రోజు పని లెక్కలోకి రాదు.

ఇంత చేసినా ఆకు జబ్బును నయం చేయదు. చెవి కింద గడ్డ ఉబ్బి, జ్వరం వచ్చి, ఆయాసపడుతున్న పశువుకు పిడుదులు రాల్చి లాభం లేదు. తొలి రోజుల్లోనే బుపార్వాక్వోన్ ఇంజెక్షన్ పడాలి. మన దగ్గర సంకర జాతి ఆవులకు వచ్చే థైలీరియాకూ పశువైద్యులు ఇచ్చేది అదే మందు. కాకపోతే మన దగ్గర జబ్బు రకం వేరు, మోసే పిడుదు వేరు.

అక్కడి నాటు ఆవులు కొద్దిపాటి పిడుదుల మధ్యే పెరిగి కొంత తట్టుకునే శక్తి తెచ్చుకుంటాయి, వాటి ఒంటి మీద ఒక్క పిడుదూ ఉండకూడదని పట్టుబట్టనక్కర్లేదు. విదేశీ రక్తమున్న పాడి ఆవులకు ఆ వెసులుబాటు లేదు. అలాంటివి ఉన్నవాళ్లు ఆకు మీదే భారం వేయడాన్ని నేను సమర్థించను. టీకా, కంపెనీ మందు, ఆకు మూడూ ఉండాలి.

మన వెంపలితో ఈ పని అవుతుందా అని అడిగేవాళ్లుంటారు. వెంపలిలోనూ రోటెనాయిడ్లు కొద్దిగా ఉన్నాయి, పచ్చిరొట్ట ఎరువుగా అది మంచి మొక్క. కానీ పై కొలతల్ని దానికి అంటగట్టడం సరికాదు. పిడుదులకు, గోమార్లకు మన దగ్గర వేప, వస, పసుపు, వెల్లుల్లి కలిపి వాడే పద్ధతులు ఇప్పటికే ఉన్నాయి, వాటిని సరిగా చేసుకోవడం నయం.

మిగిలిన రసాన్ని, పిప్పిని, గుడ్డలు ఉతికిన నీళ్లను చెరువులో, వాగులో, పశువులు తాగే గుంటలో పోయకూడదు. వాటికి దూరంగా ఎండ పడే మెట్ట నేల మీద పోస్తే కొద్ది రోజుల్లో విరిగిపోతుంది. చేపల చెరువున్న ఇంట్లో పట్టించిన పశువును ఒళ్లు ఆరేదాకా చెరువుగట్టుకు తోలకూడదు.

పెంచడం కష్టం కాదు. గింజ పైపొర గట్టిది, రాత్రంతా నీళ్లలో నానబెట్టి తొలకరికి రెండేసి గింజలు మీటరు దూరంలో నాటితే చాలు. దొడ్డి చుట్టూ కంచె వరసగా వేసుకోవచ్చు, పశువులు సాధారణంగా దీన్ని మేయవు. టమాటా, పొగాకు, చిక్కుడు వేసే మడిలో మాత్రం వద్దు. వేరుబుడిపె నులిపురుగుకు ఈ మొక్క ఇల్లిస్తుంది, తర్వాతి పంట దెబ్బతింటుంది. తూర్పు జాంబియాలో మొక్కజొన్న చేలను రెండేళ్లు దీనితో బీడు పెట్టి నేల బలం పెంచుకునే పద్ధతి ఉంది, మొక్కజొన్నతో ఆ చిక్కు రాలేదు.

కాయలు గోధుమరంగుకు తిరగగానే కోయాలి. ఆలస్యమైతే పగిలి గింజ చెదిరిపోతుంది. గుడ్డపీలిక కట్టిన మొక్కల కాయల్ని విడిగా కోసి, విడి సంచిలో ఎండబెట్టి, సంచి మీద గుర్తు రాయండి. పిడుదులు చావని పొదల్ని తీసేయాల్సిన పనిలేదు. వాటి రొట్ట చేలోకి ఎరువుగా పోతుంది, గింజ మాత్రం ఈ సంచిలో కలవకూడదు.